సాయంత్రం దాకా మూత తీయరాదు

కలప డిపో మేనేజరుకి నోటీసులంటే వల్లమాలిన ప్రేమ. ఖాళీ గోడ కనిపిస్తే చాలు, చెయ్యి దురద పుట్టి ఏదో ఒకటి అంటించేవాడు. దుంగల మీద కూర్చోరాదని ఒకటి, దుంగల దగ్గర నిలబడి కబుర్లాడరాదని ఒకటి, నోటీసులు చింపరాదని ఇంకొకటి. చదివేవాళ్లు చదివేవారు, నవ్వుకునేవాళ్లు నవ్వుకునేవారు. కానీ ఆ చలికాలం టీ గది తలుపు మీద అంటించిన కాగితం చూసి మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

అందులో ఉన్నది ఇది. ప్రతి కార్మికుడికీ వేడి నిలిపే స్టీలు బాటిలు ఇవ్వబడును. శుక్రవారం పెద్దాఫీసు అధికారి సమక్షంలో పరీక్ష జరుగును. సాయంత్రం దాకా టీ వేడిగా ఉన్నచో, మరునాటి నుంచి టీ గది శాశ్వతంగా మూసివేయబడును. టీ ఎవరు నిలబడిన చోట వారు తాగవలెను.

అందరికంటే కడుపు మండింది పిన్నికి. ఆ గదిలో పదకొండేళ్లుగా టీ కాచేది ఆవిడే. డిపోలో ఆవిణ్ణి పేరుతో పిలిచే నాథుడే లేడు. ఆవిడకంటే పదేళ్లు పెద్దవాడైన కొలతల పెద్దాయన కూడా పిన్నీ అనే పిలుస్తాడు. గది మూతపడితే ఉద్యోగం ఊడినట్టే. ఆ సంగతి మేనేజరే దాపరికం లేకుండా చెప్పేశాడు. "బాటిళ్లు నింపడానికి గేటు దగ్గర మిషను పెట్టిస్తున్నా. నీకింక శ్రమ ఉండదు" అన్నాడు, అదేదో వరం ఇస్తున్నట్టు.

అసలు ఆ గదిలో ఏముందని? నాలుగు బెంచీలు, మసిబారిన కెటిలు, మధ్యలో ఓ ఇనప పొయ్యి. డిపోలో పనికిరాని చెక్కపేళ్లే ఆ పొయ్యికి మేత. పొద్దున పదింటికీ మధ్యాహ్నం మూడింటికీ పద్నాలుగు మంది లోపలికొచ్చి, ముందు పొయ్యి చుట్టూ చేతులు చాచి, ఆ తర్వాతే టీ గ్లాసు అందుకునేవారు. మంచు పట్టిన దుంగ మీద టేపు పరిచి, అంకె చదివి, సుద్దతో నంబరు వెయ్యాలంటే చేతికి తొడుగు పనికిరాదు. రెండు గంటలయ్యేసరికి వేళ్లు ఉన్నాయో ఊడిపోయాయో తెలియదు. వాళ్లకు టీ ఒక వంక, కావలసింది ఆ పొయ్యి. మేనేజరు గదిలో హీటరుంది కనక ఈ సంగతి ఆయన బుర్రకెక్కలేదు.

గురువారం సాయంత్రం ఇంట్లో కూరలు తరుగుతూ పిన్ని గోడు వెళ్లబోసుకుంటే, వదిన కత్తి కింద పెట్టి నెత్తి కొట్టుకుంది.

"పిచ్చిమొహమా, ఆ బాటిళ్లు నింపేది నువ్వేగా? సగం సగమే నింపు. మూత కాస్త వదులుగా పెట్టు. మధ్యాహ్నానికే చల్లారి చస్తాయి. పరీక్షా పోతుంది, ఆయన పరువూ పోతుంది."

"చూద్దాంలే వదినా."

"చూసేదేముంది? ఆయన నీ పొట్ట కొడుతుంటే నువ్వాయనకి చాకిరీ చేస్తావా?"

అలాగే చేద్దామని నిశ్చయించుకునే పిన్ని పొద్దున్నే గదికి వెళ్లింది. మొదటి బాటిలు సగం నింపింది కూడా. మూత పెట్టబోయి ఆగిపోయింది. ఇది కొలతల పెద్దాయన చేతికి వెళ్తుంది. ఆయన ఆశగా నోట్లో పోసుకుంటాడు, చల్లటి కషాయం తగిలి మొహం ముడుచుకుంటాడు. "పదకొండేళ్లలో ఒక్కడికి చల్లారిన టీ పోసి ఎరగను. ఈ నోటీసులాయన మూలాన ఇప్పుడు పొయ్యాలా? ఛీ!" అని పైకే అనేసింది.

ఇంక చేసిందంతా పద్ధతిగానే చేసింది. మరుగుతున్న నీళ్లు ముందు ఉత్తి బాటిళ్లలో పోసి, లోపలి గోడలు వేడెక్కాక పారబోసింది. తర్వాత కుతకుతలాడే టీ అంచుదాకా నింపి, గాలి సందు లేకుండా మూతలు బిగించింది. తన గొయ్యి తనే తవ్వుకుంటున్నానని ఆవిడకి తెలుసు. తవ్వేదేదో శుభ్రంగా తవ్వాలనే రకం మరి, ఏం చేస్తాం!

ఎనిమిదింటికి మేనేజరు వచ్చాడు. గదికి తాళం వేసి, తాళంచెవి కోటు జేబులో పడేసుకున్నాడు. బాటిలు మూతల మీదుగా కాగితం ముక్కలు అంటించి, ఒక్కోదాని మీదా సంతకం చేశాడు.

"సాయంత్రం అధికారి వచ్చేదాకా ఎవరూ మూత తీయకూడదు. తీస్తే వేడి పోతుంది, పరీక్ష పాడవుతుంది."

"మరి తాగేదెప్పుడు సార్?" అన్నాడు పెద్దాయన.

"పరీక్ష అయ్యాక."

"చలి మాత్రం పరీక్షకి ముందే వచ్చేసింది గదండీ."

పద్నాలుగు మందీ నవ్వారు. మేనేజరు నవ్వలేదు. బిగ్గరగా నవ్వరాదని మర్నాడు నోటీసు పడటం ఖాయమనుకున్నారు.

పది దాటింది. మూడూ దాటింది. నడుముకి వేడి వేడి టీ వేలాడేసుకుని, గొంతులో చుక్క పడక, మనుషులు గజగజ వణుకుతూ దుంగలు కొలిచారు. పోనీ బాటిలు పట్టుకుని చేతులైనా కాచుకుందామా అంటే, పైన మంచుగడ్డలా ఉంది. మంచి బాటిలు కదా, లోపలి వేడి బయటికి రానిస్తుందా? పనికిమాలినదైతే వేళ్లకైనా కాస్త సుఖం దక్కేది. పెద్దాయన టేపు మూడుసార్లు జారవిడిచాడు. నాలుగోసారి అంకె చదవబోయి, కళ్లలో నీళ్లు నిండి తుడుచుకున్నాడు. తాళం వేసిన తలుపు ముందు నిలబడి అదంతా చూస్తున్న పిన్నికి దుఃఖం ముంచుకొచ్చింది. వదిన మాట విననందుకు తనని తాను తిట్టుకుంది. టీ చల్లారి ఉంటే రేపైనా వీళ్లకి పొయ్యి దక్కేది.

నాలుగున్నరకి కారు దిగాడు అధికారి. కోటు గట్టిదే గానీ కాళ్లకి పల్చటి తోలు బూట్లు. బాటిళ్లన్నీ ఓ పెద్ద దుంగ మీద వరసగా పేర్చి, మేనేజరు థర్మామీటరుతో రంగంలోకి దిగాడు. కాగితం చింపడం, మూత తీయడం, థర్మామీటరు ముంచడం, నిమిషం ఆగడం, అంకె రాయడం, తుడవడం. మొదటి మూత తీయగానే గుప్పున ఆవిరి లేచింది. మేనేజరు మొహం వెలిగిపోయింది. పిన్ని మొహం వాడిపోయింది.

ఐదో బాటిలుకి అధికారి కాళ్లు నేలకేసి కొట్టుకోవడం మొదలెట్టాడు. తొమ్మిదోదానికి ముక్కు కారింది. "ఇంక చాలేమో" అన్నాడు.

"లేదు సార్, పద్ధతంటే పద్ధతే. పద్నాలుగూ చూడాల్సిందే."

చూశారు. పద్నాలుగూ పొగలు కక్కాయి. మేనేజరు ఓ కప్పు నింపి అధికారికి అందించి, సంతకం కోసం కాగితం ముందు పెట్టాడు. అధికారి రెండు చేతులతో కప్పు పట్టుకుని ఓ గుక్క తాగాడు. దవడలు టకటకలాడాయి.

"వేడిగానే ఉంది... గానీ..." అని చుట్టూ చూశాడు. "కాసేపు ఎక్కడైనా లోపల కూర్చుందామా?"

"ఎందుకు సార్! నిలబడిన చోటే తాగొచ్చు. అదే కదా ఇందులో గొప్ప!"

పిన్ని ఇంక ఆగలేకపోయింది. ఎలాగూ పోయే ఉద్యోగమే.

"సార్, మీరిప్పుడు 'గానీ' అన్నారు చూడండి, అది కూడా కాగితం మీద రాయండి."

"నిన్నెవరడిగారు?" అని మేనేజరు కళ్లెర్రజేశాడు.

"ఎవరూ అడగలేదు, అదేగా నా బాధ! టీ వేడిగా ఉందని నాకు తెలీదా సార్? పోసిందాన్ని నేనే. పొద్దుట్నుంచీ వేడిగానే ఉంది. చల్లబడింది మనుషులు. వాళ్లకెవరూ థర్మామీటరు పెట్టలేదు."

అధికారి జేబులోంచి పెన్ను తీశాడు. వేళ్లు వంగలేదు, పెన్ను కింద పడింది. తీసిద్దామని పెద్దాయన వంగాడు. ఆయన వేళ్లకీ అది చిక్కలేదు. రెండుసార్లు నేలని గోకి, సిగ్గుపడి ఊరుకున్నాడు. అధికారి ఆయన చేతుల వంక చూశాడు, తన చేతుల వంక చూసుకున్నాడు.

"తాళం తీయండి" అన్నాడు.

"సార్, నోటీసు ప్రకారం..."

"ముందు తాళం తీయవయ్యా బాబూ!"

మేనేజరు జేబులో చెయ్యి పెట్టి తడుముకుని తాళంచెవి పైకి తీయగానే, పిన్ని అది చేతిలోంచి లాక్కున్నంత పని చేసి తలుపు తెరిచి పొయ్యి రాజేసింది. చెక్కపేళ్లు చిటపటలాడాయి. పొయ్యి చుట్టూ ముప్పై చేతులు చాచుకున్నాయి. అధికారి వేళ్లలోకి ప్రాణం రావడానికి పావుగంట పట్టింది. అప్పుడు కాగితం మోకాలి మీద పెట్టుకుని రాశాడు: బాటిళ్లు కావాలన్నవారికి ఇవ్వవచ్చును, గది మాత్రం ఉండవలెను, టీ కాచే మనిషితో సహా.

పెద్దాయన ఆ ముక్క రెండుసార్లు చదివించుకుని విన్నాడు. పిన్ని కొంగుతో కళ్లొత్తుకుని గ్లాసులు కడిగింది.

మేనేజరు మాత్రం లోపలికి రావాలో వద్దో తేలక, థర్మామీటరు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"లోపలికన్నా రండి, బయటికన్నా వెళ్లండి సార్" అంది పిన్ని, టీ పోస్తూనే. "తలుపు వేసుకోవాలి. చలేస్తోంది."