వర్జ్యం వెళ్ళాక ఛార్జింగ్

నేను ఒక కరెంటు కారును. పచ్చ నంబరు ప్లేటు చూసి గుర్తుపట్టాలి తప్ప, ఒంట్లో పెట్రోలు చుక్క లేదని నా ముఖం చూసి ఎవరూ చెప్పలేరు. ప్రస్తుతం భీమవరం ఊరి చివర ఒక సర్వీసు సెంటరు వెనక, బానెట్ మీద కాకి రెట్టలతో, పర్యావరణాన్ని కాపాడుతూ నిలబడి ఉన్నాను. పొగ రాదు, చప్పుడు రాదు, అసలు కదలనే కదలను. ఇంతకంటే కాలుష్యం లేని వాహనం మీకెక్కడా దొరకదు.

ఫ్యాక్టరీలో నన్ను బిగించినవి ఇనుప చేతులు. బ్యాటరీ మాత్రం పరాయి దేశం నుంచి ఓడెక్కి వచ్చింది. నా బరువులో పెద్ద వాటా దానిదే, నా ధరలో అంతకంటే పెద్ద వాటా దానిదే. షోరూములో చాలాకాలం అద్దాల వెనక నిలబడ్డాను. జనం వచ్చేవారు, తలుపు తీసి వేసేవారు, సీట్లో కూర్చుని ఫోటో దిగేవారు, పక్క షోరూముకి వెళ్ళి డీజిలు కారు కొనుక్కునేవారు. వెళ్ళేముందు అందరూ ఒకటే అడిగేవారు, దారి మధ్యలో ఛార్జింగ్ అయిపోతే ఏమిటని. "అవదండీ" అనేవాడు అమ్మే అబ్బాయి. అతను అంతవరకు కారే నడపలేదు.

నన్ను కొన్నది సోమయాజులు గారు. వృత్తి పౌరోహిత్యం. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆయన పొద్దున్న ఒక ఊళ్ళో, సాయంత్రం ఇంకో ఊళ్ళో ఉండాలి. "దీనికి ఆయిలు మరకలుండవండి, పొగుండదండి, మడి కట్టుకుని కూడా నడపచ్చండి" అన్నాడు అమ్మే అబ్బాయి. ఆ మాటకి ఆయన పడిపోయారు.

ఊళ్ళోవాళ్ళ బళ్ళన్నిటికీ పూజ చేసిన మనిషి, సొంత కారుకి ఊరుకుంటారా? ఇంజనుకి పసుపు రాద్దామని బానెట్ ఎత్తారు. అక్కడ ఇంజను లేదు, సామాను పెట్టుకునే తొట్టి ఉంది. కాసేపు ఆలోచించి ఆ తొట్టికే పసుపు రాశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, "ఇక స్టార్ట్ చెయ్యి బాబూ" అన్నారు. "చేశానండీ" అన్నాడు షోరూము అబ్బాయి. "చప్పుడేదీ?" అన్నారు. ఆ సందేహం ఆయనకి వారం రోజులు తీరలేదు.

నిజం చెప్పుకోవాలి, ఆయన్ని నేను సుఖపెట్టాను. గేర్లు లేవు, క్లచ్ లేదు, ఎడమ మోకాలి నొప్పి తగ్గింది. పెట్రోలుకి పోసినదానితో పోలిస్తే నా కరెంటు ఖర్చు వక్కపొడి ఖర్చంత. లోపల ఎంత నిశ్శబ్దమంటే, దారి పొడుగునా మంత్రాలు గొంతెత్తి వల్లె వేసుకునేవారు. ఆ నిశ్శబ్దం వల్ల వెనక నేనున్నట్టు గేదెలకి తెలిసేది కాదు, అది వేరే విషయం. పెళ్ళికి వెళ్తే జీలకర్ర బెల్లానికీ తాళికీ మధ్య దొరికే ఖాళీలో నా గొప్పలు చెప్పేవారు. పెళ్ళికొడుకు తండ్రులు తలూపేవారు. ఎవరూ కొన్నట్టు మాత్రం నాకు తెలియదు.

ఇక నా లోపాలు. ఒకసారి ఛార్జింగ్ చేస్తే ఎంత దూరం వెళ్తానో కంపెనీవాళ్ళు కాగితం మీద వేశారు. ఆ లెక్క ఏసీ లేకుండా, ఎదురుగాలి లేకుండా, బహుశా మనుషులు కూడా లేకుండా వేసి ఉంటారు. ఊళ్ళో ఛార్జింగ్ స్టేషను ఒకటుంది, బస్టాండు దగ్గర హోటలు పక్కన. దాని ముందు ఎప్పుడూ ఒక డీజిలు కారు నిలబడి ఉంటుంది. అది లేనిరోజు మిషను పనిచేయదు. రెండూ సవ్యంగా ఉన్న రోజు ఫోనుకి ఓటీపీ రాదు. కాబట్టి ఇంట్లోనే, మెట్ల కింద ప్లగ్గు నుంచి, రాత్రంతా నింపుకోవాలి.

ఇక్కడే పంచాంగం అడ్డం వచ్చింది. రాహుకాలంలో, వర్జ్యంలో, దుర్ముహూర్తంలో ఆయన నాకు వైరు తగిలించరు. పసిపిల్లకి సీసాతో పాలు పట్టినట్టు, మంచి గడియ చూసి పట్టిస్తారు.

"ఫోను ఛార్జింగ్‌కి వర్జ్యం చూడరు కదా, దీనికేం వచ్చింది?" అని ఒకసారి ఆయన భార్య సుందరమ్మగారు అడిగారు.

"అది ఫోనూ, ఇది వాహనమూనూ. మనుషుల్ని మోసేది" అన్నారు ఆయన. ఆవిడ నా వంక జాలిగా చూసి లోపలికి వెళ్ళిపోయారు.

మాఘమాసంలో ఒక ఆదివారం పొద్దున్న, సముద్రం దగ్గర గరువుపాలెంలో నాగవేణి పెళ్ళి. రెండో పెళ్ళి. మొదటి భర్త సముద్రం మీద చేపల వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. ఇప్పుడు చేసుకోబోయేవాడు త్రిమూర్తులు, ఐసు ఫ్యాక్టరీలో పని. పిల్లకీ పిల్లాడికీ ఇష్టమే. పిల్లాడి పెదనాన్న వీరాస్వామికే ఇష్టం లేదు. చుట్టుపక్కల పంతుళ్ళందరూ ఆ రోజు ఖాళీ లేదన్నారు. ఖాళీ లేకపోవడం వాళ్ళ మర్యాద. సోమయాజులు గారొక్కరే ఒప్పుకున్నారు.

"ఆ పిల్ల మొదటి పెళ్ళి నేనే చేశాను సుందరీ. ఇదీ నేనే చెయ్యాలి. ముహూర్తానికి నేను లేకపోతే ఆ వీరాస్వామి అదే వంకతో పెళ్ళి చెడగొట్టేస్తాడు" అన్నారు శనివారం సాయంత్రం, ఇంకో ఊరి పెళ్ళి నుంచి నన్ను తోలుకొస్తూనే. అప్పటికి నా కడుపు దాదాపు ఖాళీ.

"అయితే ముందు ఆ వైరు తగిలించండి" అన్నారు ఆవిడ.

ఆయన గోడ గడియారం చూశారు. "వర్జ్యం నడుస్తోందే. వెళ్ళాక పెడతాను."

వర్జ్యం వెళ్ళింది. దాంతోపాటు కరెంటు కూడా వెళ్ళింది. ఈదురుగాలికి ఎక్కడో వైరు తెగిందట. ఏ దోషమూ లేని శుభ ఘడియల్లో రాత్రంతా వైరు తగిలించుకుని, ఒక్క గుటక కూడా దిగకుండా నిలబడ్డాను. తెల్లారాక కరెంటు వచ్చింది. ఆయన స్నానం, సంధ్య, కాఫీ అయ్యేలోపు నాకు దక్కింది నాలుగు మెతుకులు.

"ఆటో పిలవనా?" అన్నారు సుందరమ్మగారు.

"తెర మీద చూడు, సరిపోతుందని అదే చెబుతోంది" అన్నారు ఆయన. అన్నీ అనుమానించే మనిషి, నేను చెప్పిన అంకెనే నమ్మారు.

బయల్దేరాం. ఏసీ వేయలేదు, ఫోను వైరు పీకేశారు. చెమటకి విభూతి జారి ముక్కు మీదికి వచ్చింది. సగం దారిలో కల్వర్టు తవ్వేసి ఉంది. చుట్టూ తిరిగి రొయ్యల చెరువుల గట్టు మీదుగా వెళ్ళమన్నారు. చుట్టూ తిరిగే దూరం నా అంకెలో లేదు. గట్టు ఎక్కాక నా తెర మీద తాబేలు బొమ్మ వెలిగింది. ఇక మెల్లగా తప్ప వెళ్ళలేనని దాని అర్థం. సోమయాజులు గారు కూర్మావతారమనుకుని దణ్ణం పెట్టారు. నేను ఆగిపోయాను.

ఆ గట్టు ఒక్క బండి పట్టేంత దారి. అటు చెరువు, ఇటు చెరువు. వెనక నుంచి హారను మోగింది. పెళ్ళికొడుకు బస్సు. పంతులుగారి కారే పెళ్ళికొడుక్కి అడ్డం పడింది. ఈ ఏర్పాటు వీరాస్వామి డబ్బిచ్చి చేయించినా ఇంత బాగా కుదిరేది కాదు.

బస్సులోంచి నలుగురు కుర్రాళ్ళు నన్ను తొయ్యడానికి దిగారు. "పెళ్ళికొచ్చేరా, కార్లు తొయ్యడానికొచ్చేరా? ఎక్కండెహె!" అని వీరాస్వామి కేకేశాడు. ఎక్కేశారు. "ఇది సూచనరా. బస్సు తిప్పమను" అన్నాడు. ఆ గట్టు మీద సైకిలు కూడా తిరగదు. అలాంటి చోట ఆగడమొక్కటే ఆ పూట నా వల్ల జరిగిన మేలు.

సోమయాజులు గారు పెళ్ళికూతురింటికి ఫోను చేశారు. నాగవేణి తమ్ముడు ట్రాక్టరు వెనక్కి నడుపుకుంటూ వచ్చి నాకు తాడు కట్టాడు. చక్రాలు నేల మీద ఉండగా లాగితే నా మోటారు చెడుతుందని నాతో ఇచ్చిన పుస్తకంలో పెద్దక్షరాలతో ఉంది. కానీ మా ఇంట్లో పంచాంగం తప్ప వేరే పుస్తకం తెరిచే ఆచారం లేదు. ముందు ట్రాక్టరు, దాని వెనక నేను, నా వెనక బస్సు, ఊరేగింపుగా గరువుపాలెం చేరాం. నా లోపల ఏదో మాడుతున్న వాసన నాకు మాత్రమే తెలిసింది.

నన్ను పందిరి ముందే విప్పేశారు. అప్పటికే ముహూర్తం దాటిపోయింది.

"అయిపోయింది కదండీ. లగ్నం లేకుండా పెళ్ళేటండీ? దేవుడికే ఇష్టం లేదు" అని వీరాస్వామి అందరికీ వినపడేలా అన్నాడు. సన్నాయివాళ్ళు వాయించడం ఆపేశారు. సోమయాజులు గారు పంచాంగం తెరిచి పేజీలు తిప్పుతున్నారు. ఆయన కళ్ళు అక్షరాల మీద లేవు. ఆయన భయం చూసి నాకు వెటకారం పోయింది. నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు పెళ్ళికూతురే పందిట్లోకి వచ్చింది. బుగ్గన చుక్క, కాళ్ళకి పసుపు.

"పంతులుగారండీ, నా మొదటి పెళ్ళి ముహూర్తం మీరే పెట్టేరు కదండీ."

"అవునమ్మా."

"గడియ కూడా తేడా రాలేదండి. అంత బాగా కట్టించేరు తాళి. ఏడాది తిరక్కుండా ఆయన సముద్రంలో పోయేడు." ఆమె బస్సు వైపు చూసింది. "ఈసారికి ముహూర్తం లేకుండా చేసెయ్యండి. చూద్దాం."

త్రిమూర్తులు బస్సు దిగి, పెదనాన్న పక్కనుంచే నడిచి వచ్చి, పీట మీద కూర్చున్నాడు. సోమయాజులు గారు ఒక్క క్షణం చూసి, పంచాంగం మూసి నా బానెట్ మీద పెట్టేశారు. "మేళం!" అని అరిచారు. అంత గట్టిగా ఆయన మంత్రం చదవడం కూడా నేను వినలేదు.

తాళి కట్టడం నేను చూశాను. వీరాస్వామి కూడా అక్షింతలు వేశాడు, ఇంకెవరి మీదో వేస్తున్నట్టు ముఖం పెట్టుకుని. తరవాత భోజనంలో గారెలు మళ్ళీ మళ్ళీ అడిగాడు.

నన్ను లారీ ఎక్కించి ఇక్కడికి తెచ్చారు. మోటారు కాలిపోయిందన్నారు సర్వీసు సెంటరువాళ్ళు. తాడు కట్టి లాగారు కాబట్టి తమ బాధ్యత కాదన్నారు. మొన్న బీమా కంపెనీ తరఫున ఒకాయన కళ్ళజోడు పెట్టుకుని వచ్చి నా చుట్టూ తిరిగాడు. సోమయాజులు గారు ఆటోలో వచ్చారు.

"లాగకూడదని రాసుంది కదండీ, ఎందుకు లాగించారు?"

"పెళ్ళికి వేళ మించిపోతోంది నాయనా."

"మరి ముహూర్తానికి అందారా?"

"లేదు."

"అయితే పెళ్ళి ఆగిపోయిందా?"

"జరిగింది" అన్నారు సోమయాజులు గారు, కండువాతో నా అద్దం తుడుస్తూ. "పెళ్ళికూతురు పెట్టిన ముహూర్తానికి."

నాకు హారను కొట్టాలనిపించింది. ఛార్జింగ్ లేదు.