రాలుచేప

“సెయ్యి తియ్యే! తియ్యమంటంటే ఇనపడదేటి?”

దాలమ్మ అరుపుకి వల దులుపుతున్న మగవాళ్లు ఒక్క క్షణం ఆగి చూశారు. తడి ఇసకలో ఒకే గుప్పెడు రొయ్యల మీద ఇద్దరు ఆడవాళ్ల చేతులు పడి ఉన్నాయి. ఒకటి దాలమ్మది. రెండోది, బర్మాలోని రంగం నుంచి వచ్చి ఊళ్లో దిగిన గున్నమ్మది.

“తీసుకో అప్పా. నాను అటేపు ఏరుకుంతాను,” అని గున్నమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

ఎండ వీపు మీద వాతలు పెడుతోంది. చీకటితో వచ్చి కూర్చున్నా దాలమ్మ బుట్ట అడుగైనా నిండలేదు. అయినా ఆమె ధ్యాస దొరికిన రొయ్యల మీద లేదు, వదిలేసిన చేతి మీద ఉంది. ఆకలిగా ఉన్నవాళ్లు ఇంత సులువుగా వదులుకుంటారా? ఇంకెక్కడో దాచుకున్న మనిషే వదులుకుంటుంది.

“ఈ రంగపోళ్లు నవ్వుతానే ముంచుతారే,” అంది పక్కన ఏరుకుంటున్న అసిరమ్మతో.

“నీకు నవ్వినా తప్పే, ఏడ్సినా తప్పే. మొగుడు బతికున్నప్పుడు ఆడి నీడని కూడా అనుమానించినావు.”

“ఆడి నీడని కాదే. దాని పక్కనున్న నీడని.”

అసిరమ్మ నవ్వింది. దాలమ్మ నవ్వలేదు. ఆమె కళ్లు గున్నమ్మ వెంటే నడుస్తున్నాయి.

వల దులిపినప్పుడు రాలిన చేప పడవ లేని ఆడదానిది. కళింగపట్నం రేవులో ఈ కట్టుబాటు ఎప్పుడు పుట్టిందో చెప్పగలవాళ్లు లేరు. సముద్రం మగవాణ్ణి తీసుకుపోతే అతని ఆడదానికి ఒడ్డు ఇంత తిండి పెట్టాలని పాతవాళ్లు అనుకుని ఉంటారు. ఇసక మీద పడ్డదాన్ని పడవవాడు తిరిగి ఎత్తుకోకూడదు. వాళ్లలో మనసున్నవాడు, దాలమ్మలాంటి మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే, సముద్రంకేసి చూస్తున్నట్టు మొహం తిప్పుకుని వలని ఇంకొక్క దులుపు గట్టిగా దులిపేవాడు. మొగుడు తిరిగి రాని నాటి నుంచీ దాలమ్మ ఆ ఇంకొక్క దులుపు మీదే బతుకుతోంది.

అప్పట్లో రొయ్యని పట్టించుకున్నవాడు లేడు. ఎండబెట్టి, ఆ పొట్టు నెత్తికెత్తుకుని కోటబొమ్మాళి సంతకి పోతే బుట్టకి కుంచెడు చోళ్లు కొలిచేవారు. ఇప్పుడు విశాఖపట్నం నుంచి ఐసు లారీ వస్తోంది. తల గిల్లిన రొయ్య కిలో మూడు రూపాయలు. అది ఓడెక్కి ఏ దొరల దేశానికో పోతుందట. తలలు గిల్లే దాలమ్మలాంటి ఆడవాళ్లకి మాత్రం పూటంతా కూర్చుంటే ముప్పావలా. లారీకి సరుకు పోగుచేసేది ఎల్లాజీ. ఒకప్పుడు అతని తండ్రి, దాలమ్మ మామ ఒకే పడవకి తెడ్లు వేసి, నడిసముద్రంలో నిలిచిన స్టీమరు దాకా బస్తాలు మోశారు.

స్టీమర్లు ఆగిన రోజుల్లో ఈ ఊరు వేరు. దాలమ్మ కాపరానికి వచ్చిన కొత్తలో ఒడ్డున నువ్వుల బస్తాలు కొండల్లా ఉండేవి. ఏ వీధిలో చూసినా గుమాస్తాలు, కాటాలు, ఎడ్లబళ్లు. రంగం పోయే కూలిజనం మూటలు తలకింద పెట్టుకుని, ఓడ వచ్చేదాకా ఇసకలోనే పడుకునేవారు. వాళ్లకి గంజి అమ్మి దాలమ్మ అత్త ముక్కుపుడక చేయించుకుంది. తరవాత ఓడలు విశాఖపట్నం దారి పట్టాయి. ఓడల వెనక షావుకార్లు, షావుకార్ల వెనక గుమాస్తాలు వెళ్లిపోయారు. గిడ్డంగులకి వేసిన తాళాలు తుప్పు తిని వాటంతటవే ఊడిపడ్డాయి. లైటవుసు మాత్రం ఎవరూ రాని సముద్రానికి దారి చూపిస్తూనే ఉంది.

ఇప్పుడు పాత ఉప్పు గిడ్డంగిలో గున్నమ్మ, దగ్గుతో మంచం పట్టిన ఆమె మొగుడు రాముడు దిగారు. పక్క గదుల్లో రంగం నుంచి తరిమేస్తే వచ్చిన కుటుంబాలే మరికొన్ని. మాట వింటే కోటబొమ్మాళి మాటే. కట్టు, తిండి మాత్రం ఏ దేశానివో. దాలమ్మకి అదే మింగుడుపడదు. పరాయి మాట మాట్లాడేవాడు పరాయివాడని తెలుస్తుంది. తన మాటే మాట్లాడుతూ తనలా తినని మనిషిని ఏమనుకోవాలి?

మధ్యాహ్నం తలలు గిల్లే పని అయ్యాక గున్నమ్మ గుడ్డ కప్పిన నిండు బుట్ట చంకనెత్తుకుని గిడ్డంగి వెనక్కి వెళ్లడం దాలమ్మ చూసింది. పొద్దుట ఏరుకున్నది గుప్పెడు. ఈ నిండు బుట్ట ఎక్కడిది? మొగలిపొదల చాటున నక్కి చూసింది. గున్నమ్మ ఇసక తవ్వి, లోపలున్న కుండ మూత తీసింది, బుట్టలోది అందులో వేసి మెదిపింది, మళ్లీ పూడ్చింది, పైన తాటాకు కప్పి వెళ్లిపోయింది.

దాలమ్మ వెళ్లి చేత్తో తవ్వింది. మూత తీసేసరికి గుప్పున కంపు. ముక్కు మూసుకుని తొంగి చూసింది. నల్లగా, ఎర్రగా ఏదో ముద్ద. ఆ ముద్ద నిండా చిన్న చిన్న కళ్లు, అన్నీ తనవైపే చూస్తున్నట్టు.

“ఓలమ్మో! సిల్లంగి!”

కుండ మీద మూతైనా పెట్టకుండా పరుగెత్తింది. చేతబడి చేసేవాళ్లు ఇలాగే కుళ్లిన మాంసం పాతిపెడతారని చిన్నప్పుడు విన్నది. ఈ మధ్య వలలు ఖాళీగా ఎందుకు వస్తున్నాయో ఆమెకి ఇప్పుడు తెలిసిపోయింది.

ఎల్లాజీ లారీ దగ్గర ఐసు కొట్టిస్తున్నాడు. చెప్పిందంతా విని, కళ్లు చిన్నవి చేసుకున్నాడు.

“మంచి పని సేసినావు దాలమ్మప్పా. రేపు సాయింత్రం గుడికాడ పెద్దల్ని కూకోబెడతాను. నా పడవలోంచి రొయ్యలు దొంగిలించి పాతిపెడతంటే సూసినానని సెప్పీ.”

“పడవలోంచి తియ్యడం నాను సూడనేదు బాబూ. పాతడమే సూసినాను.”

“తియ్యకండా కుండలోకి ఎలాగొస్తాయే? ఎగిరొస్తాయేటి?” అని నవ్వాడు. ఆ నవ్వులోనే గొంతు తగ్గించాడు. “గిల్లుడు పనికి నిన్ను మేస్త్రీని సేస్తాను. రోజుకి రూపాయి పావలా. నువ్వు గిల్లక్కర్నేదు. కూకుని సూడ్డమే. సూడ్డంలో నిన్ను మించినోళ్లు నేరు కదా!”

రూపాయి పావలా అనగానే దాలమ్మ వేళ్ల మీద లెక్క వేసుకుంది. అంతలో లారీ పక్కన కొత్త మోకు చుట్ట, చెక్కిన సరుగుడు గుంజలు కనిపించాయి.

“ఈ మోకెందుకు బాబూ?”

“ఒడ్డున కడతాను. కుక్కలు రాకండా.”

దాలమ్మ ఇంటిదారి పట్టింది. కుక్క మోకు కిందనుంచి దూరుతుంది. దూరలేనిది మనిషే. ఏ మనిషి కోసం కడుతున్నాడు? గున్నమ్మ ఒక్కర్తెకి ఒడ్డు పొడుగునా మోకు ఎందుకు? అనుమానం ఆమెకి పుట్టుకతో వచ్చింది గాని, ఎల్లాజీ వైపు అది తిరగడం ఇదే మొదలు.

మర్నాడు పొద్దున్నే గిడ్డంగికి వెళ్లింది. ఇంకేదైనా రుజువు దొరుకుతుందేమోనని వెళుతున్నట్టు తనకి తానే చెప్పుకుంది. రాముడు దగ్గుతూ లేచి కూర్చున్నాడు. నేలంతా చెమ్మ. అతను చాప మీద పొడిగా ఉన్న సగం వదిలి, తడి సగంలోకి జరిగాడు.

“కూకో అప్పా.”

గున్నమ్మ పొయ్యి దగ్గర నుంచి తొంగి చూసింది.

“ఆ కుండలో ఏటుందే?” అని దాలమ్మ సూటిగా అడిగేసింది.

“నువ్వేటి తవ్వింది? కుక్కనుకుని నిన్నట్నుంచి తిడతన్నాను!” గున్నమ్మకి నవ్వాగలేదు. “నప్పి అంటారప్పా. రంగంలో అది నేందే ముద్ద దిగదు. రొయ్యల తలకాయలు ఉప్పేసి, దంచి, మాగబెడతాం. విశాపట్నంలో మావోళ్లు శానామంది దిగినారు కదా, ఆళ్లు కొనుక్కుంతారు. దీని డబ్బుల్తోనే ఈయన మందు.”

“తలకాయలా? ఎక్కడివి?”

“నువ్వు గిల్లినవేనమ్మా! అసిరమ్మ గిల్లినవి, నాను గిల్లినవి. కంపు కొడతన్నాయి, పట్టుకుపొమ్మని ఎల్లాజీ బాబే సెప్పినాడు. ఆయాల నువ్వు నేవు గాని, లారీ కాడ అందరూ ఇన్నారు.”

గున్నమ్మ గోరంత నప్పి అన్నంలో కలిపి ఆకు ముందుకి తోసింది. దాలమ్మ చాలాసేపు దాన్ని చూసింది, వాసన చూసింది. చివరికి నాలుగు మెతుకులు నోట్లో వేసుకుంది. బాగుంది. బాగుందని మాత్రం చెప్పలేదు.

“మా అయ్య ఈ రేవులోనే ఓడెక్కినాడంట,” అంది గున్నమ్మ. “ఎవులో గంజమ్మే ఆవిడ, కుర్రోడని జాలిపడి, డబ్బుల్దీసుకోకండా గంజి పోసిందంట. సచ్చిందాకా ఆ మాటే సెప్పేవోడు.”

“మా అత్తయితే కాదు,” అంది దాలమ్మ వెంటనే. “అది కన్నకొడుక్కి కూడా ఊరికే పొయ్యనేదు.”

రాముడు దగ్గుల మధ్యే నవ్వాడు. ఈసారి దాలమ్మకీ పెదవి చివర నవ్వు వచ్చి ఆగింది. బయటికి వచ్చి ఒడ్డువైపు చూసింది. ఎల్లాజీకి తెలుసు. తలకాయలని తెలిసే దొంగతనం అంటున్నాడు. ఆ దొంగతనాన్ని తన నోట పలికిస్తున్నాడు.

సాయంత్రం గంగమ్మ గుడి ముందు కులపెద్దలు కూర్చున్నారు. అందరిలో పెద్ద జోగయ్య, దాలమ్మకి బావ, మొగుడి అన్న. పడవలవాళ్లంతా వచ్చారు. ఏరుకునే ఆడవాళ్లు ఒక పక్క, గున్నమ్మ ఒక్కర్తీ దూరంగా ఎండలో.

“మాట ఒకటే,” అన్నాడు ఎల్లాజీ. “రాలుసేప పేరెట్టుకుని ఒడ్డుమీద దొంగలు తిరగతన్నారు. ఇయ్యాల దొంగతనం రుజువైతే, రేపట్నుంచి ఏరుడు బందు. మనోళ్లకైనా, రంగపోళ్లకైనా. రాలిందంతా లారీకే. ఆ డబ్బు పడవలోళ్లందరూ పంచుకుంతారు.”

పంచుకోవడం అనేసరికి మగవాళ్లలో గుసగుస లేచి, సర్దుకుంది. వలని ఇంకొక్క దులుపు దులిపేవాళ్లు కూడా తల వంచుకున్నారు.

జోగయ్య గుడిలోంచి వెలుగుతున్న ప్రమిద తెచ్చి రాతిమీద పెట్టాడు. కళ్లారా చూశానన్నవాళ్లు ఆ మాట చెప్పి దీపం ఆర్పాలి. చెప్పింది అబద్ధమైతే ఆర్పినవాళ్ల ఇంట్లో దీపం ఉండదు. ఆర్పాక ఇక ఎదురుమాట లేదు, ఆర్పేదాకా తీర్పూ లేదు.

“సెప్పు అమ్మీ. ఏటి సూసినావు?”

“కుండ సూసినాను బావా. కుండలో తలకాయలు సూసినాను. అయి నాను గిల్లినవే.”

“అదెవులడిగినారే?” ఎల్లాజీ గబుక్కున లేచాడు. “దొంగతనం సూసినావా నేదా? నిన్న నాతో ఏటన్నావు?”

“నిన్న సిల్లంగి అన్నాను. నాకు తెలీక అన్నాను. నీకు తెలిసి, దొంగతనమన్నావు.”

“రేపట్నుంచి గిల్లుడుకి రావద్దు. మేస్త్రీ పనీ నేదు, ముప్పావలా పనీ నేదు. ఏం తింతావో సూస్తాను.”

దాలమ్మ అసిరమ్మ వైపు చూసింది. అసిరమ్మ కళ్లు దించుకుంది. ఆమెకీ ఆ ముప్పావలాయే ఆధారం. దాలమ్మ చేతులు రెండూ కొంగులోకి చుట్టుకుంది.

“నానార్పను.”

“తప్పు అమ్మీ,” అన్నాడు జోగయ్య మెల్లగా. “గంగమ్మ ముందు ఎలిగించిన దీపం ఎవులో ఒకరు ఆర్పాల. అలాగొదిలీడం ఊరికి మంచిది కాదు.”

“అయితే ఎల్లాజీనే ఆర్పమను బావా. ‘తలకాయలు పట్టుకుపొమ్మని గున్నమ్మతో నాను సెప్పనేదు’ అనీసి ఆర్పమను.”

ఒడ్డున లారీ హారను కొట్టింది. ఎల్లాజీ అటు చూశాడు గాని కదల్లేదు. వెళితే ఒప్పుకున్నట్టు, వంగి ఊదితే గంగమ్మ ముందు అబద్ధమాడినట్టు.

సముద్రం మీద నుంచి గాలి లేచింది. ప్రమిదలో వత్తి వాలిపోయి, చిన్నదై, నీలంగా మారింది. జోగయ్య ఎవరి మొహమూ చూడకుండా ముసలి అరచెయ్యి దానికి అడ్డం పెట్టాడు.

ఆ చెయ్యి ఎవరి పక్షాన ఉందో దాలమ్మకి తెలియలేదు. అడగనూ లేదు. కొంగులో చేతులు బిగించుకుని, ఆ వేళ్ల సందుల్లోంచి వస్తున్న వెలుగునే చూస్తూ నిలబడింది.