ఎడమ చక్రం

జకరయ్యకు తన చేతుల మీద అనుమానం రావడం లారీ తోలిన ఇరవై ఏళ్లలో అదే మొదటిసారి.

రేపల్లె దాటిన నాలుగు మైళ్లకు లారీ వెనక ఎడమ చక్రం పంక్చరైంది. లారీ నిండా నిజాంపట్నం చేపల పెట్టెలు, వాటిలో ఐసు. అయిదింటికి తెనాలిలో కలకత్తా రైలుబండికి ఎక్కించాలి. సరుకు వెంకటరత్నమ్మది. గట్టు మీద గంపలో చేపలమ్ముకునే మనిషి సొంతంగా పంపుతున్న మొదటి లోడు. పక్క సీట్లోనే కూర్చుని వచ్చింది.

ఎడమవైపు చక్రాల నట్లు కుడికి తిప్పితే వదులవుతాయి, కుడివైపువి ఎడమకు. లారీ పట్టినవాడికెవరికైనా తెలిసిందే. జకరయ్య పానా వేసి కుడికి నొక్కాడు. కదల్లేదు. తుప్పు పట్టిందనుకుని కిరసనాయిలు పోసి, మళ్లీ నొక్కాడు. టక్కుమని బోల్టు విరిగి, నట్టుతో సహా కింద పడింది. రెండోదీ అంతే.

కబురందుకుని రేపల్లె నుంచి సైకిలు మీద వచ్చిన మెకానిక్కు రామలింగం విరిగిన బోల్టులు చూసి నవ్వాడు. "నొక్కడం తెలీక విరగ్గొట్టారండి. ఇలా తెండి." పానాకు గొట్టం తొడిగి, తనూ కుడికే నొక్కాడు. మూడోది విరిగింది. నవ్వు పోయింది.

"నొక్కడం తెలిసినా విరుగుతుందేంటి బాబాయ్?" అంది వెంకటరత్నమ్మ.

లారీ కిందినుంచి ఐసునీళ్లు కారుతున్నాయి. జకరయ్య కుడి అంటే ఏ చేతివైపో ఒకసారి మనసులో సరిచూసుకున్నాడు.

ఆవిడ విరిగిన ముక్క తీసుకుని అదే వైపు ముందు చక్రం దగ్గరికి వెళ్లింది. అక్కడ నట్ల బయటికి పొడుచుకొచ్చిన బోల్టు మొనల్ని వేలితో తడిమింది.

"అన్నా, ఈ మర ఆ మర ఒకటి కాదు. తాడు కుడికి పేనితే ఒక వాలు, ఎడమకి పేనితే ఒక వాలు. ఇది దానికి ఎదురుంది."

రామలింగం ముక్క లాక్కుని చూశాడు. "ఈ హబ్బు ఎక్కడిదండి?"

బోల్టులుండే ఆ చక్రం దిమ్మను జకరయ్య పోయిన నెల బాపట్లలో మార్పించాడు. పాత సామాన్ల కొట్టులో చవగ్గా దొరికింది. ఏ వైపుదని అతను అడగలేదు. కొట్టువాడూ చెప్పలేదు.

"కుడివైపు హబ్బు తెచ్చి ఎడమ పెట్టారు. ఇందాకట్నించి మనం విప్పడం లేదండి, బిగిస్తున్నాం."

మిగిలిన ఏడు నట్లూ ఎడమకు తిప్పితే బుద్ధిగా వచ్చాయి. చక్రం, డ్రమ్ము, హబ్బు ఊడదీసి, విరిగిన బోల్టుల మొదళ్లను ముందునుంచి సమ్మెటతో కొడితే రెండు వెనక్కి జారిపోయాయి. మూడోది మొండికేసింది. మంట పెట్టి, ఆగి, మళ్లీ కొడితే ఏ దెబ్బకు కదిలిందో తెలియకుండానే ఊడిపడింది. రామలింగం లారీ ఎడమ చక్రమని విని ఎదురు మర బోల్టులే ఎంచి తెచ్చాడు. సంచి బోర్లిస్తే అడుగున మామూలు మరవి సరిగ్గా మూడు కనబడ్డాయి. నాలుగోది విరగనందుకు జకరయ్య లోలోపల దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

స్టెప్నీ ఎక్కించి నట్లు బిగించేటప్పుడు అతని చేతులు రెండుసార్లు ఎదురు తిరగబోయాయి. "కుడికన్నా, కుడికి," అంటూ ఆవిడ పక్కనే నిలబడింది.

"ఎదురు హబ్బు కదా, పరుగులో నట్లు వదులవుతాయండి. ప్రతి ట్రిప్పుకీ చూసుకోండి. ఎడమ హబ్బు దొరకంగానే మార్చెయ్యండి," అన్నాడు రామలింగం.

తెనాలి చేరేసరికి బండి ఇంకా ప్లాట్‌ఫారం మీదే ఉంది. చివరి పెట్టె ఎక్కుతుంటే మూత తీసి చూశారు. అడుగున గుప్పెడు ఐసు మిగిలింది.

బండి కదిలాక జకరయ్య సుద్దముక్క అడిగి తెచ్చి, ఆ చక్రం మీద 'కుడి' అని రాశాడు. వెనక్కి జరిగి చూశాడు. ఎడమ చక్రం మీద కుడి. అది చక్రం పేరో, తిప్పే వైపో, విప్పడానికో, బిగించడానికో రాసిన తనకే అర్థం కాలేదు.

వెంకటరత్నమ్మ కొంగుతో ఆ మాట తుడిచేసింది. "బాణం గీయన్నా, విప్పేవైపు."

అతను సుద్ద పైకెత్తి, ఎటు గీయాలో ఆవిడ చెయ్యి తిప్పి చూపించేదాకా ఆగాడు.