తడిబట్ట బరువు

కాలవలో మోకాళ్ళ లోతుకి దిగి బట్ట జాడిస్తున్నప్పుడు వీరలక్ష్మికి ఒక్కోసారి తను ఎక్కడుందో గుర్తుండదు. అద్దకం వేసిన చీర నీళ్ళ మీద పరుచుకుని, అక్కర్లేని రంగునంతా పొగలా వదిలేస్తుంది. ఆ పొగ ఆమె కాళ్ళ చుట్టూ తిరిగి, గుర్రపుడెక్క కిందికి దూరి, తాపీగా బందరు వైపు వెళ్ళిపోతుంది. దాని వెనకే మనసులో తనూ కొంత దూరం వెళ్ళొస్తుంది. కలంకారీ బట్టకి పారే నీళ్ళే కావాలి. నిలవ నీళ్ళలో ముంచితే ఒక పువ్వు రంగు ఇంకో పువ్వుకి అంటుకుంటుంది. ఆ సాయంత్రం కాలవకి నీళ్ళు కట్టేస్తారని చాటింపు వేశారు. అందుకే పెడనలో అద్దకం పనున్న ప్రతి ఇంటి మూటలూ ఆ ఆదివారం పొద్దున గట్టు మీదే ఉన్నాయి.

నిన్న సాయంత్రం భర్త నరేంద్ర అన్న మాట నీళ్ళలో కూడా ఆమెను వదల్లేదు.

"రేపు మంగినపూడి బీచిలో సంబరాలకి వద్దులే లక్ష్మీ. అంత డ్రమ్ము నడుముకి కట్టుకుని ఇసకలో నడవడమంటే మాటలా? ఆపరేషనైన ఒళ్ళు. డాక్టరు బరువులెత్తొద్దన్నారు, గుర్తుందా?"

గుర్తుందా అని ఆయన అడగడమే ఆమెకి వింత. గర్భసంచి తీయించుకుని ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ ఇంట్లో బరువుల ఊసు ఎవరూ ఎత్తలేదు. అత్తగారు సీతమ్మ కొన్నాళ్ళు నీళ్ళబిందె తనే మోసింది. ఆ తర్వాత, "పోన్లే అమ్మాయ్, పీడ విరగడైంది. ఇహ నెలకి మూడ్రోజులు అద్దకం షెడ్డుకి దూరంగా కూర్చునే పనిలేదు" అని నవ్వింది. బయట ఉన్న మనిషి తాకితే రంగు విరుగుతుందని ఆ ఇంట్లో నమ్మకం. ఆ మూడు రోజులే వీరలక్ష్మికి సెలవులు. అవీ సంచితోపాటే పోయాయి. కడుపులో ఒకచోట ఖాళీగా, బావిలోకి తొంగి చూసినట్టు ఉంటోందని ఒకసారి నరేంద్రతో చెప్పింది. "గ్యాసేమో, సోడా తాగు" అన్నాడు. అలాంటి మనిషి నిన్న డాక్టరు మాట గుర్తుచేశాడు. అన్నం వారుస్తూ, కంచాలు కడుగుతూ ఆ మాటని బుగ్గన బెల్లంముక్కలా పెట్టుకుని చప్పరించింది. ఇంత ప్రేమ ఇన్నాళ్ళూ ఎక్కడ దాచాడో అనుకుంది. లహరికి ఫోన్ చేసి రానని చెప్పేద్దామని కూడా అనుకుంది.

లహరి బందరులో డాన్సు నేర్పుతుంది. గోవాలో పనిచేసినప్పుడు సాంబా డ్రమ్ముల మీద మనసుపడి, నాలుగు కొనుక్కుని తిరిగొచ్చింది. బ్రెజిల్ వాళ్ళ పండగ వాయిద్యమట. కాలేజీ పిల్లలు, బ్యాంకులో చేసే ఒకావిడ, చేపలమ్మే అక్కాచెల్లెళ్ళు, ఇలా ఆడవాళ్ళనే పోగేసి ఒక జట్టు కట్టింది. తిరనాళ్ళలో, సంబరాల్లో ఊరేగింపుగా వాయిస్తూ ఆడతారు. జట్టు బట్టల కోసం ఆమె షెడ్డుకొచ్చిన రోజున వీరలక్ష్మి బల్ల దగ్గర అచ్చులు వేస్తోంది. రంగద్దిన చెక్క అచ్చు బట్టకి ఆనించి మెల్లగా ఒక తట్టు. కుదురుకున్నాక పిడికిలితో ఒక గుద్దు. లహరి బేరం మధ్యలో ఆగిపోయింది.

"అక్కా, ఇంకోసారి కొట్టండి. మా పెద్ద డ్రమ్ము దరువు ఇదే! మొదటి దెబ్బని అరచేత్తో అణిచెయ్యాలి, రెండోదాన్ని వదిలెయ్యాలి. మా పిల్లలకి ఎంత చెప్పినా అణచడం రాదు."

అణచడం ఒకరు నేర్పాలా, అనుకుంది వీరలక్ష్మి. తను నేర్చుకోవాల్సింది వదలడం.

జట్టులో చేరిన మొదటిరోజు అభ్యాసంలో పెద్ద నవ్వులపాలైంది. అచ్చు వేసేవాళ్ళకి గుద్దు పడగానే బల్ల వెంట పక్కకి జరగడం అలవాటు. డ్రమ్ము కొడుతూ, తనకి తెలీకుండానే వరసలోంచి జరిగి, జరిగి, చివరికి గోడకి కొట్టుకుంది. "ఆంటీ, చీర అయిపోయిందా? కొంగు మొదలెట్టండి!" అని ఒక పిల్ల అరిచింది. అందరూ పడీపడీ నవ్వారు. లహరి మాత్రం, "ఆగండర్రా, అందరూ ఆవిడలాగే జరగండి" అంది. వరసంతా ఒక్క అలలా పక్కకి ఒరిగింది. అప్పట్నుంచీ అదే వాళ్ళ అడుగు. పెద్ద డ్రమ్ము మీద గుద్దు పడితేనే వరస కదులుతుంది. ఆమె లేకపోతే ఎప్పుడు జరగాలో ఎవరికీ తెలీదు.

"సాంబశివుడి భజనైతే నేనూ వద్దును. ఇదేం తైతక్కలు?" అనేది సీతమ్మ. వీరలక్ష్మి ఏమని చెప్తుంది? దెబ్బ ముందు తన కడుపులో మోగి, ఆ తర్వాతే గదిలో మోగుతుందనా? ఏమీ లేదనుకున్న చోట అంత చప్పుడు పడుతుందనా? చెబితే సోడా తాగమంటారు.

చివరి చీర మూటలో పెట్టి, మూటని గుండెలకి హత్తుకుని పైకి లేచింది. నీళ్ళు ఓడుతున్న మూట ఆమెని మళ్ళీ కాలవలోకే లాగింది. బురదలో కాలు బిగబట్టి, పొత్తికడుపు మీద ఆనించుకుని, పంటి బిగువున గట్టుకేసి ఒక్కో అడుగూ వేసింది. పాత కుట్టు దగ్గర చురుక్కుమంది.

అప్పుడు గుర్తొచ్చింది. నిన్న ఆ మాట వెనకే, ఊపిరి కూడా తీసుకోకుండా, ఆయన ఇంకో మాట అన్నాడు. "పొద్దున్నే ఆ మూటలన్నీ కాలవకి చేర్చెయ్, సాయంత్రం కట్టేస్తారు." ఆ రెండు మాటలూ రాత్రంతా ఆమెలో వేరువేరు గదుల్లో పడుకున్నాయి. ఒకదాని ఉనికి ఇంకోదానికి తెలీదు. ఇప్పుడు మధ్యగోడ మెత్తగా, చప్పుడు లేకుండా కరిగిపోయింది. డ్రమ్ము ఈ మూటలో సగం కూడా ఉండదు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఎన్ని మూటలెత్తిందో, వాటిలో ఒక్కటి కూడా ఎవరి కంటికీ బరువుగా కనపడలేదు. కోపం వస్తుందేమోనని చూసింది. రాలేదు. రంగంతా వదిలేశాక నీళ్ళు తేటపడ్డట్టు, లోపల అడుగు దాకా కనిపించింది.

గట్టు మీద ఆటో ఆగింది. మంగినపూడి జకరయ్యది. వెనక సీట్లో పెద్ద డ్రమ్ము ఒక్కతే దర్జాగా కూర్చునుంది.

"లహరమ్మ పంపారమ్మా. మీరొస్తే తీసుకురమ్మన్నారు, రాకపోతే డ్రమ్ము వెనక్కి తెచ్చెయ్యమన్నారు."

అదే సమయానికి నరేంద్ర మోటారుసైకిల్ మీద ఇంకో మూట తెచ్చి దించాడు. "ఇదొక్కటే మిగిలింది లక్ష్మీ, కానిచ్చెయ్" అని, ఆటో వైపు చూసి మొహం చిట్లించాడు. "నిన్న చెప్పాను కదా!"

వీరలక్ష్మి చేతుల్లోని తడిమూటని ఆయన కాళ్ళ దగ్గర దించింది. కుచ్చెళ్ళు పిండుకుంది.

"చెప్పారండీ. డాక్టరు బరువులెత్తొద్దన్నారు. మీరు గుర్తుచేసేదాకా నాకే జ్ఞాపకం లేదు. ఇహ మీదట ఇవి మీరే ఎత్తండి."

"మరి ఆ డ్రమ్మో?"

ఆమె ఆటో దగ్గరికి నడిచింది. ఆమె కూర్చోడానికి చోటు చేస్తూ జకరయ్య ఒంటిచేత్తో డ్రమ్ముని అవతలికి జరిపాడు. నరేంద్ర అది చూశాడు. తన కాళ్ళ దగ్గర మూటలోంచి కారి చెప్పులు తడుపుతున్న నీళ్ళూ చూశాడు.

ఆటో గట్టు వెంట మెల్లగా కదిలింది. తడిచీర మీద డ్రమ్ముని ఒళ్ళోకి తీసుకుంది వీరలక్ష్మి. కాలవలోంచి ఏ ఇంటావిడో, "నరేంద్ర బాబూ, పంచె పైకి కట్టుకోండి! గట్టు పక్కంతా బురద, కాస్త లోపలికి దిగండి!" అని కేకేసింది. రేవంతా నవ్వింది. కాసేపటికి వెనక నీళ్ళ మీద బట్ట పడుతున్న చప్పుడు వినిపించింది. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ పొంతన లేదు.

కొత్త చెయ్యి కదా, కుదురుకుంటుందిలే అనుకుని, ఆమె డ్రమ్ము మీద వేసి ఉంచిన అరచేతిని తీసేసింది.