తోడికోడళ్ళ చేతిలో ఆర్‌ఎన్‌ఏ

ఇంట్లో పెద్దకోడలి మాట చెల్లుతుంది, ల్యాబులో చిన్నకోడలి సంతకం చెల్లుతుంది. అన్నదమ్ములిద్దరిని చేసుకుని, ఒకే ఆసుపత్రి ల్యాబులో పక్కపక్క బల్లల దగ్గర పనిచేసే ఆ ఇద్దరి మధ్య పన్నెండేళ్లుగా నలుగుతున్న పేచీ అంతా ఇదే. పెద్దామెది అనుభవం, చిన్నామెది చదువు. ఎవరి కోపం వాళ్ల ముక్కు మీదే ఉంటుంది.

ఆ రోజు ఉదయం బల్ల మీద ఉన్నది ఆరేళ్ల పాప తొడలోంచి తీసిన గోరంత కండ. పాప జన్యువులో ఒకచోట తప్పు అక్షరం ఉందని ఇదివరకే తేలింది. దానివల్ల కండకు అందే కబురులో ఒక ముక్క ఊడిపోతోందా లేదా అన్నది మాత్రం ఆర్‌ఎన్‌ఏ చూస్తేనే తెలుస్తుంది. ఊడిపోతుంటే దానికి ఇంజెక్షన్ ఉంది, లేకపోతే లేదు. సాయంత్రం నాలుగింటికి డాక్టర్లు కూర్చుని తేలుస్తారు. ఈ కండ తీయడానికి మత్తిచ్చినప్పుడు పాప ఊపిరి ఆగినంత పనైంది కాబట్టి మళ్లీ కోసేది లేదని చెప్పేశారు.

కొత్తగా చేరినవాళ్లకు చిన్నామె ఈ వ్యవహారమంతా ఇంటి భాషలో చెబుతుంది. కణంలో డీఎన్‌ఏ అత్తగారిలాంటిది, గది దాటి బయటికి రాదు, చీటీలు పంపుతుంది. ఆ చీటీ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. అక్కర్లేని ముక్కలు కత్తిరించి, మిగతావి అతికించాకే చీటీ గది దాటుతుంది. చీటీ చదివి వండే పొయ్యి రైబోజోమ్, అందులో సగానికి పైగా రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏ. చీటీలో ఉన్న వరసలో సరుకు ఒక్కొక్కటే మోసుకొచ్చేది ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ. "మరి కోడళ్లెక్కడ మేడం?" అని ఎవరో ఒకరు అడక్క మానరు. "సరుకులు మోసేది ఎవరనుకున్నావ్?" అంటుంది.

ఈ ఆర్‌ఎన్‌ఏ అంత అర్భకపుది మరొకటి లేదు. దాన్ని తునకలు చేసే ఎంజైము మన చర్మం మీదే, చెమటలోనే ఉంటుంది. అందుకే గ్లౌజుల విషయంలో పెద్దామె అందరినీ హడలెత్తిస్తుంది. అలాంటి మనిషి, కండను నూరి ఆర్‌ఎన్‌ఏ వేరు చేస్తూ, జారిపోతున్న కళ్లద్దాలను గ్లౌజు వేలితో పైకి నెట్టుకోవడం చిన్నామె కళ్లారా చూసింది. చూసి, ఏమీ అనకుండా తన పనిలోకి తిరిగింది.

వచ్చిన ఆర్‌ఎన్‌ఏలో మూడో వంతును తీసి, పొడవును బట్టి విడిపోయేలా జెల్ తొట్టిలో కరెంటు పెట్టి నడపడం చిన్నామె పని. చీటీలు కంటికి ఆనేటన్ని ఉండవు. రైబోజోముల ఆర్‌ఎన్‌ఏ మాత్రం బోలెడు, బాగుంటే రెండు గీతలుగా మెరుస్తుంది. అవి బాగుంటే మిగతాదీ బాగున్నట్టే. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు కదా. నలభై నిమిషాలు నడిపి, జెల్‌ను వెలుతురు పెట్టెలో పెట్టి చూసింది. గీతలు లేవు. పైనుంచి కిందిదాకా ఒకటే మసక.

"పోయింది, తునకలైపోయింది," అంది.

పెద్దామె వంగి చాలాసేపు చూసింది. "నా చేతిలో పోలేదు."

"మీరు కళ్లద్దాలు సర్దుకున్నారక్కా. నేను చూశాను."

"చూసినదానివి అప్పుడే చెప్పొచ్చుగా."

చిన్నామె మళ్లీ వెలుతురు పెట్టె మీదికి వంగింది.

"ఆ తర్వాత గ్లౌజులు మార్చాను. అది చూళ్లేదేం?" పెద్దామె గొంతు పెంచలేదు. "చూడాలనుకున్నంత మేరకే చూశావు నువ్వు."

ఫ్రీజర్‌లో సీలు తీయని ఆర్‌ఎన్‌ఏ గొట్టం ఒకటి ఉంది, పోల్చి చూసుకోవడానికి కంపెనీ పంపింది. "దాన్ని నేను ముట్టుకోను. నువ్వే తీసి, నీ తొట్టిలోనే నడుపు," అంది పెద్దామె.

మళ్లీ నలభై నిమిషాలు. ఇద్దరూ కుర్చీలున్నా కూర్చోలేదు. ఈసారీ అదే మసక కనబడింది.

తప్పు తొట్టిదేనని చిన్నామెకు అర్థమైంది. పెద్దామె సెలవులో ఉన్న శనివారం, పక్కగదిలో డీఎన్‌ఏ పని చేసే ఆయన బతిమాలితే ఆ తొట్టి అరువిచ్చింది. ఆయనకు ఆర్‌ఎన్‌ఏ అడ్డం, దాన్ని తినేసే ఎంజైమును కావాలనే పోస్తాడు. తొట్టి కడిగే ఇచ్చాడు. పొద్దున తనూ ఊరికే నీళ్లతో తొలిపింది. తొట్టి గడప దాటకూడదన్నది పెద్దామె పెట్టిన నియమం. ఆ నియమం నవ్వులాటగా తోచింది తనకు.

"శనివారం పక్కగదికి ఇచ్చాను," అంది, నేల చూస్తూ.

పెద్దామె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని చిన్నామెకు అనిపించింది. ఆ తొట్టిలో పడకుండా మిగిలింది రెండు వంతులు, అసలు పరీక్షకు ఆ రెండూ కావాలి. ఇంకోసారి సరిచూసుకునే వీల్లేదు. టైము పదకొండున్నర.

"మీరే చెయ్యండక్కా. నా చేతుల మీద నాకు నమ్మకం లేదు."

"నువ్వే చెయ్యి. ఇప్పుడైతే ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తావు."

చీటీలోని కబురును ముందు డీఎన్‌ఏగా తిరగరాయాలి, ఆపైన దాన్ని లక్షల ప్రతులు చేయాలి. ప్రతి కణంలోనూ తప్పక ఉండే మరో కబురును కూడా పక్క గొట్టంలో పెట్టారు. అది కనబడకపోతే నమూనా చచ్చినట్టే లెక్క. చిన్నామె ఒక్కో చుక్కా లెక్కపెట్టి వేసింది. పెద్దామె భుజం వెనకే నిలబడి గొట్టాల మీది అంకెలు చదివింది. మధ్యాహ్నం ఎవరికీ ఆకలి వేయలేదు.

మూడూ ఇరవైకి, వేరే తొట్టిలో నడిపిన జెల్‌ను వెలుతురు పెట్టెలో పెట్టారు. తోడు పెట్టిన కబురు నిండుగా మెరుస్తోంది. దాని పక్కన పాప కబురు, ఉండాల్సినదానికంటే పొట్టిగా, స్పష్టంగా ఉంది. ఒక ముక్క ఊడింది. పాపకు మందు ఉంది.

చిన్నామె కళ్లలో నీళ్లు తిరిగాయి. రిపోర్టు మీద సంతకం పెట్టి లేచింది.

"పొద్దున ఆ మసక కనబడగానే," అంది పెద్దామె, గ్లౌజులు విప్పుతూ, "నీ మొహం వెలిగింది. చూశాను."

కాదనడానికి చిన్నామె నోరు తెరిచింది గానీ అబద్ధం రాలేదు. నిజమే. ఒక పిల్ల బతుకు తునకలైందని తెలిసిన క్షణంలో తనకు సంతోషమే కలిగింది, పెద్దామె తప్పు దొరికిందని. ఎంత చిన్నపాటి సంతోషమైనా సంతోషమే.

"వెళ్లు. తల్లి బయటే కూర్చుంది. నువ్వే చెప్పు."

బయట బెంచీ మీద ఉన్న తల్లి రిపోర్టును చూడలేదు, చిన్నామె మొహమే చూసింది. మందు పనికొస్తుందన్న మాట చెవినపడగానే లేచి రెండు చేతులూ పట్టుకుంది.

"అంతా మీ చేతి చలవమ్మా."

"నా చేతి చలవ కాదమ్మా. నా చేతుల్లో పోవాల్సింది, మా అక్క నిలబెట్టింది," అంది చిన్నామె.

తల్లి కళ్లు తుడుచుకుంటూ ఆ చేతులను ఇంకా గట్టిగా పట్టుకుంది. "ఎంత మంచి మనసమ్మా నీది," అంది.