మంచానికీ తలుపుకీ మధ్య

పొద్దున ఆరింటికి ఆడబిడ్డ తలుపు తీసి గదిలోకి అడుగు పెడితే, వదిన మంచం దగ్గరికి చేరేసరికి ఆరుంపావు అవుతుంది. ఒక చేతిలో భోజనం డబ్బా, ఇంకో చేతిలో నీళ్ల సీసా, భుజాన కండక్టరు సంచి. ఆ సంచిలోనే టికెట్ల పక్కన వదిన మాత్రల అట్ట. చేరగానే రొప్పుతూ, "ఆఖరి స్టాపు! అందరూ దిగాలమ్మా!" అంటుంది. దిగేవాళ్లెవరూ ఉండరు. వదిన గోడవైపు తిరిగి పడుకునే ఉంటుంది.

ఆ గది మొదట్లో పదడుగులు. వదిన మంచం పట్టిన దగ్గర్నుంచి రోజుకింత సాగుతూ వచ్చింది. పక్కింటి గోడకి మాత్రం ఏమీ కాలేదు. కరెంటు మేస్త్రి ఏడో బల్బు బిగించి, "ఇంకా సాగేలా ఉంది, వైరు కాస్త వదులుగా పెట్టిపోతున్నా" అన్నాడు. డాక్టరైతే సైకిలు మీద మంచం దాకా తొక్కుకుంటూ వచ్చాడు.

"ఈ మాత్రలు మానకండి. గది ఇంకా పెరగకుండా ఇవి ఆపుతాయి. తగ్గాలంటే మాత్రం ఇవొక్కటే చాలవు. రోజూ నాలుగడుగులు వెయ్యాలమ్మా, ఎవరితోనైనా నాలుగు మాటలు మాట్లాడాలి."

"చూద్దాం లెండి" అంది వదిన. అంటే కుదరదని. ఆ సంగతి డాక్టరుకీ తెలుసు. మాత్రలు మొదలెట్టాక గది నిజంగానే ఆగింది. ఆగిన చోటే ఉండిపోయింది, అంతే.

ఎందుకిలా అయిందని అడగని వాళ్లు లేరు. చెప్పడానికి వదిన దగ్గర ఏమీ లేదు. మొగుడు పోయినప్పుడు కూడా గది అంగుళం పెరగలేదు. అప్పుడు ఏడ్చింది, లేచింది, దర్జీ కొట్టుకి పోయి కాజాలు కుట్టుకుంది. ఇరవై ఏళ్లుగా ఆమె పని చొక్కాలకి కాజాలు కుట్టడమే. అలాంటి మనిషి ఒకరోజు నలభై బడి చొక్కాలకి, గుండీలు కుట్టాల్సిన వైపు కూడా కాజాలే కుట్టేసింది. రెండు వైపులా చిల్లులే. దర్జీ తిట్టలేదు. "పోనీలే అక్కా, ఎవరికైనా జరుగుతుంది" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఇంటికొచ్చి పడుకుంది. ఆ తర్వాత మంచం పక్కనున్న స్నానాల గదికి తప్ప లేవలేదు.

బాధంటే ఏడుపనుకుంటారు జనం. ఆమెకి ఏడుపు కూడా రాలేదు. పళ్లు తోముకోవడమే కొండంత పని. తలుపు వైపు చూస్తే ఉన్న కాస్త సత్తువా జారిపోయేది. ఇక ఇంతే అనుకుంది, వాన వచ్చేలా ఉందని అనుకున్నంత మామూలుగా.

ఆ రోజు ఆరుంపావు దాటినా 'ఆఖరి స్టాపు' వినబడలేదు. ఆరున్నరా దాటింది. వదిన ఇటు తిరిగి చూసింది. దూరాన మూడో బల్బు కింద, ఆడబిడ్డ నేలమీద కూలబడి ఉంది.

"ఏమైందే?" గొంతు అంత దూరం పోలేదు. మళ్లీ అరిచింది.

"ఏం లేదు వదినా. ఇక్కడిదాకా వచ్చా. ఇక నా వల్ల కావడం లేదు. అటూ రాలేను, ఇటూ పోలేను."

ఆ గొంతు వదినకి తెలుసు. తనదే. ఆడబిడ్డకీ తలుపుకీ మధ్య నేల మెల్లగా సాగుతోంది. మంచం మీంచి కూడా అది కనబడింది. ఈ పిల్లని నేనే మింగేశాను, అనుకుంది వదిన. నెలల తర్వాత మొదటిసారి భయం వేసింది.

కాళ్లు కిందపెట్టింది. నయమవుతుందన్న ఆశేమీ లేదు, ఆ పిల్ల దగ్గరికి చేరాలి, అంతే. కాజా కుట్టేటప్పుడు చొక్కా మొత్తం చూడకూడదు, చిల్లు అంచే చూడాలి. కాలి ముందున్న టైలు ఒక్కటే చూస్తూ నడిచింది. రెండుసార్లు కూలబడింది. నాలుగో బల్బు దగ్గర వెనక్కి పోదామనిపించింది. మూడో బల్బు దగ్గరికి చేరేసరికి ఒళ్లంతా చెమట.

"లే" అంది.

"నువ్వా? లేచొచ్చావా వదినా?"

"కనబడ్డం లేదా? చెయ్యివ్వు. బస్సు నీకోసం కూర్చుంటుందా?"

ఎవరు ఎవరిని పట్టుకున్నారో చెప్పడం కష్టం. పడుతూ లేస్తూ తలుపు దాటి వీధిగదిలో పడ్డారు. ఆడబిడ్డ వెక్కివెక్కి ఏడ్చింది. వదిన ఏడవలేదు. ఆ పిల్ల ముఖం తుడిచి, మాత్ర మింగి, రెండు ముద్దలు తింది. రుచేమీ తెలియలేదు.

"నేనూ ఒకసారి డాక్టరు దగ్గరికి పోతా వదినా" అంది ఆడబిడ్డ లేచి సంచి తగిలించుకుంటూ.

"ఇవాళే పో."

ఆడబిడ్డ వెళ్లాక వదినకి ఒకటే కోరిక, పోయి పడుకోవాలని. గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది. ఏడు బల్బుల అవతల మంచం అగ్గిపెట్టెలా కనబడింది. అంత దూరం నడిచే ఓపిక లేదు. వీధిగదిలో కుర్చీలో కూలబడింది.

వీధి వైపు కూర్చున్న మనిషిని జనం ఊరుకోనివ్వరు. పాలవాడు పలకరించాడు. పక్కింటావిడ కిటికీలోంచి తన అల్లుడి మీద ఫిర్యాదంతా ఏకరువు పెట్టింది. ఊఁ అనక తప్పలేదు. మనసంతా మంచం మీదే. సాయంత్రం మళ్లీ గుమ్మం దాకా వెళ్లి చూసింది. ఓపిక లేదు. మర్నాడూ లేకపోయింది.