టోపీలో ఎర్ర ఈక

ఈక ఇంత తేలికగా ఉంటుందని ఎవరనుకున్నారు, నిన్న సారా కొట్టు దగ్గర దొర గుమాస్తా స్వయంగా దొర పక్షం గుర్తుగా టోపీలో గుచ్చాడు, ఇది ఉంటే వంతెన మీద జవాన్లు నిన్ను ముట్టుకోరు మతూష్, కౌలు పొలమూ నీదే, రేపు ఓట్ల బల్ల ముందు దొరగారి పేరు గట్టిగా చెప్పు చాలు, అని, మతూష్ తలూపాడు, దొర పెట్టిన మాంసం పులుసు రెండు గిన్నెలు తాగాడు, తాగుతూనే అనుకున్నాడు, తినేది దొర కూడు, రేపు పలికేది మాత్రం మన స్లోవాకుల తరఫున నిలబడ్డ డాక్టర్ క్రుపా పేరు, ఈక చూసి దారిస్తారుగా, ఆహా ఏం తెలివి, తెల్లారినట్టే ఉంది, మరి ఆ తెలివి పెళ్ళానికెందుకు చెప్పలేదు, బావమరిది యురాయ్‌కైనా ఎందుకు చెప్పలేదు, ఏమో.

యురాయ్ టోపీకి ఈక లేదు, ఈక లేని ఊరినంతా పొద్దుట్నుంచీ వంతెన అవతలే ఆపేశారు, తుపాకులకు బాకులు తగిలించి, అమ్ముడుపోయావా బావా, మా అక్క మొహం ఎట్లా చూస్తావు, అంటూ మీదికి ఉరికాడు, టోపీ పట్టుకున్నాడు, కాదురా, ఇది నాటకంరా, అనాల్సింది, పక్కన జవాను వింటాడని అనలేదు, రొమ్ము మీద చెయ్యి వేసి తోశాడు, అంత గట్టిగా తొయ్యాలా, యురాయ్ తూలి వెళ్ళి బాకు మీద పడ్డాడు, మొన వీపులోంచి దిగి పొట్టలోంచి వచ్చింది, జవాను బూటు కాలితో తన్ని తుపాకీ లాక్కున్నాడు, తర్వాత మతూష్ ఈక చూసి, నువ్వు పో పెద్దాయనా, అని మర్యాదగా దారిచ్చాడు, మతూష్ వచ్చేశాడు, నెత్తురు చిందిన చేతులతో వచ్చేశాడు.

నీ పేరు, ఇంటి నంబరు, ఓటు ఎవరికి, బల్ల వెనక అధికారి తలెత్తకుండా అడుగుతున్నాడు, గోడ మీద ముసలి చక్రవర్తి గడ్డం, పక్కనే గుమాస్తా నవ్వు, మతూష్ నోరు తెరిచాడు, డాక్టర్ క్రుపా, అన్నాడు, గది అదిరేలా అన్నాడు, ఓరి కుక్కా, దొర పులుసు మింగి, అని గుమాస్తా అతని జుట్టు పట్టి మొహాన్ని బల్లకేసి కొట్టాడు, తుపాకీ మడమ దవడ మీద పడింది, పళ్ళు నాలుక మీదికి రాలాయి, కొట్టండి, ఇంకా కొట్టండి, అధికారి పేరు రాసుకున్నాడుగా, యురాయ్, విన్నావా, నేను అమ్ముడుపోలేదు, అయితే ఎందుకు చెప్పలేదు, ఇంకో దెబ్బ, అప్పుడు తెలిసింది, ఎవరికీ చెప్పకపోవడం జాగ్రత్త కాదు, చెబితే మాట నిలబెట్టుకోవాల్సి వస్తుందని భయం, వాడు బతికి వంతెన అవతలే నిలబడి ఉంటే ఈ నోటినుంచి దొర పేరే వచ్చేది, వాడు చూసింది నిజమే.